యంత్రం చదవని మొదటి వరుస

పన్నెండు ఫైళ్లలోంచి పన్నెండు వరుసలు తీసేసి, తీసేశాక ఒక్కసారైనా నడిపి చూసుకోకుండా, ఆ పన్నెండింటినీ పుస్తకంగా అచ్చు వేయించే తెలివితక్కువవాడు ఎక్కడైనా ఉంటాడా అని మీరడిగితే, దూరం వెళ్లక్కర్లేదు. నేనే. పైగా ఆ పుస్తకం లోపలి అట్ట మీద నా పేరు కూడా వేయించుకున్నాను. తప్పు చేసినవాళ్లు ఆనవాళ్లు వదిలిపోతారని విన్నాను గానీ, పేరూ డిగ్రీలూ లావుపాటి అక్షరాల్లో వదిలిపోయినవాణ్ని నన్నొక్కణ్నే చూశాను.

అప్పట్లో నేను బెజవాడ నుంచి వెళ్లే బందరు రోడ్డు మీద, ఉయ్యూరు ఇంకా రాకముందే దిగిపోవాల్సిన ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఎలక్ట్రానిక్స్ చెప్పేవాణ్ని. చేరేటప్పుడు ఏడాది ప్రొబేషన్ అన్నారు. ఆ ఏడాది అయిపోయి, తర్వాతి ఏడాదిలో సగం కూడా అయిపోయింది. స్టాఫ్ రూములో పర్మనెంట్ వాళ్ల కుర్చీలకి చేతులుండేవి, ప్రొబేషన్ వాళ్లవి చేతుల్లేని కుర్చీలు. చేతుల్లేని కుర్చీలో కూర్చున్నవాడికి తన చేతులెక్కడ పెట్టుకోవాలో తోచదు గనక కట్టుకుని కూర్చుంటాడు. మా హెచ్‌ఓడీ గారు దాన్ని వినయం అనుకునేవారు.

ఒకరోజు ఆయన నన్ను గదిలోకి పిలిచారు.

"ఏవయ్యా, సిమ్యులేషన్ ల్యాబ్ నీకిస్తున్నా. ఈ సెమిస్టర్లో ఇన్‌స్పెక్షన్ వాళ్లొస్తారు. వాళ్ల ముందు ల్యాబ్ నడిచిందనుకో, నీ కన్ఫర్మేషన్ కాగితం కూడా నడుస్తుంది."

"నడవకపోతే సార్?"

"నడవకపోతే నువ్వు నడుస్తావు. బస్టాపు ఎంత దూరమని?"

సిమ్యులేషన్ ల్యాబ్ అంటే అందులో వైర్లూ సోల్డరింగ్ పొగా ఉండవు. సర్క్యూట్‌ని ఒక ఫైల్లో వరుసలు వరుసలుగా రాస్తాం. ఫలానా చోటునుంచి ఫలానా చోటుకి ఇంత రెసిస్టరు, అక్కడో కెపాసిటరు, ఇక్కడో ట్రాన్సిస్టరు. కంప్యూటరు అది చదివి, నిజంగా కడితే ఏం జరిగేదో లెక్కగట్టి గ్రాఫు గీసి చూపిస్తుంది. రెసిస్టరంటే దానికి పుట్టుకతోనే తెలుసు. ట్రాన్సిస్టర్ల సంగతే తెలియదు. ఒక్కో రకానికీ పెళ్లికూతురి తరఫువాళ్లు చెప్పినన్ని గుణగణాలుంటాయి. అవన్నీ ప్రతి ఫైల్లోనూ రాసుకుంటూ కూర్చోలేం కాబట్టి ఒక లైబ్రరీ ఫైల్లో దాచిపెట్టి, మన ఫైల్లో 'డాట్ ఇన్‌క్లూడ్' అని రాసి పక్కన ఆ లైబ్రరీ పేరు రాస్తాం. పప్పన్నం కలుపుకున్నాక ఎవరూ మామిడికాయలు కొట్టించుకురావడానికి బయల్దేరరు, గూట్లో జాడీ అందుకోమంటారు. డాట్ ఇన్‌క్లూడ్ అంటే అదే, ఆ జాడీ అందుకోమనడం.

ఏటా ఒకరిద్దరు పిల్లలు ఆ లైబ్రరీ ఫైలు కోసం మా కాలేజీ లైబ్రరీకే వెళ్లేవారు. లైబ్రేరియన్ గారు కూడా తక్కువవారేం కాదు. "ఎవరో పట్టుకెళ్లారమ్మా, ఇంకా తిరిగివ్వలేదు" అని పంపేసేవారు.

ఆ ల్యాబ్‌ని నాకంటే పదిహేనేళ్ల ముందునుంచీ చూసుకుంటున్నావిడ ల్యాబ్ అసిస్టెంట్ మేడమ్. గవర్నర్‌పేటలో టైపు నేర్చుకుని హయ్యర్ పాసైన మనిషి. కీబోర్డు మీద ఆవిడ వేళ్లు పడుతుంటే రేకుల షెడ్డు మీద వడగళ్లు పడ్డట్టుండేది. పన్నెండు ప్రయోగాల ఫైళ్లూ ఆవిడ టైపు చేసినవే. ప్రతి ఫైల్లోనూ మొదటి వరుస 'శ్రీరామ', ఇంగ్లీషు అక్షరాల్లో. ట్రాన్సిస్టర్ ఉన్నవాటిలో ఆ కింద వరుసలో డాట్ ఇన్‌క్లూడ్. ఆ కింద సర్క్యూటు.

మా ఇంట్లో కాగితం పైన శ్రీకారం చుట్టే అలవాటు లేదు. మా తాత ఎర్రజెండా పట్టుకు తిరిగినవాడు. ఆఖరికి మా నాన్న శుభలేఖ మీద కూడా దేవుడి బొమ్మ వేయించలేదు. ఆ తర్వాత పార్టీ చీలింది, పొలం చీలింది, వాదం మాత్రం చెక్కు చెదరకుండా నా వాటాకి వచ్చింది.

"కంప్యూటరుకి రాముడెందుకు మేడమ్?" అన్నాను మొదటి రోజే.

"ఉంటే పోయేదేముందండీ?"

"అక్కర్లేనిది ఉండకూడదండీ. ఇంజనీరింగంటే అదే కదా."

"సర్లెండి, మీరు ఎంటెక్కులు," అందావిడ, నాతో కాకుండా కీబోర్డుతో అన్నట్టు.

ఆ సాయంత్రమే పన్నెండు ఫైళ్లూ తెరిచి పన్నెండుమంది రాముళ్లనీ తీసేశాను. వనవాసానికి పంపేటప్పుడు కైకేయి అయినా కాస్త తటపటాయించి ఉంటుంది, నేను అదీ లేదు. ఫైళ్లు కడిగిన పలకల్లా మెరిశాయి. మర్నాడు వాటిని పట్టుకుని గవర్నర్‌పేటలో ప్రెస్సుకి వెళ్లి, ల్యాబ్ మాన్యువల్ అరవై కాపీలు వేయమన్నాను. ప్రెస్సాయన ప్రూఫు చేతిలో పెట్టాడు.

"ఓసారి చూసుకోండి మాస్టారూ. అచ్చయ్యాక నన్నంటే బాగోదు."

చూసుకున్నాను. నా డిగ్రీల దగ్గర ఒక చుక్క తక్కువైంది. పెట్టించాను.

మొదటి వారం ప్రయోగం చిన్నది. బ్యాటరీలాంటి ఒక సప్లై, ఒక రెసిస్టరు, ఒక కెపాసిటరు. ట్రాన్సిస్టర్ లేదు గనక లైబ్రరీతో పనిలేదు, డాట్ ఇన్‌క్లూడూ లేదు. కొత్త పుస్తకాలు ముందు పెట్టుకుని పిల్లలు ముప్పై కంప్యూటర్ల మీద టైపు చేశారు. కెపాసిటర్ మీద వోల్టేజీ మెల్లగా పెరుగుతూ వంపు తిరగాలి. ముప్పై స్క్రీన్ల మీదా సున్నా దగ్గర ఒక అడ్డగీత వచ్చింది, లాకులు మూసిన బందరు కాలవలాగా, ఎక్కడా అల లేకుండా. తప్పేమీ లేదని కంప్యూటరు ఘంటాపథంగా చెబుతోంది.

"సార్, ఏంటి సార్ ఇది?" అంది ముందు వరుసలో ఒకమ్మాయి.

"కెపాసిటర్ ఇంకా ఛార్జ్ కాలేదమ్మా. ఓపిక పట్టాలి."

"ఎంతసేపు సార్?"

"అది కెపాసిటర్‌ని బట్టి ఉంటుంది."

ఆ అమ్మాయి మూడు గంటలూ ఓపిక పట్టింది. ఆ ఓపికకి ఇప్పటికీ నేను తలవంచుకుంటాను.

రెండో వారం ట్రాన్సిస్టర్ వచ్చింది. ముప్పై స్క్రీన్ల మీదా ఒకటే మాట, మోడల్ దొరకలేదు. అంటే, మీరు చెప్పిన ఆ ట్రాన్సిస్టరెవరో నాకు తెలియదండీ అని. లైబ్రరీ ఫైలు పక్కనే ఉంది. అందులో ఆ ట్రాన్సిస్టర్ ఉంది. దాన్ని తెమ్మని మొదటి వరుసలోనే రాసి ఉంది. ఇంకేం కావాలి?

ఆ వారమంతా నేను చేయని పని లేదు. లైబ్రరీ ఉన్న ఫోల్డరు పేరులో ఖాళీ ఉందేమోనని పేరు మార్చాను. ఫైలు చిరునామా సి డ్రైవ్ నుంచి గడప దాకా పూర్తిగా రాశాను. కోట్ మార్కులు పెట్టాను, తీశాను, ఒంటివి పెట్టాను, జంటవి పెట్టాను. ప్రతి కంప్యూటర్లో ప్రతి ఫోల్డర్లో ఆ లైబ్రరీ కాపీ ఒకటి పడేశాను, పెళ్లివారింట్లో మంచినీళ్ల బాటిళ్లలాగా ఎటు చూసినా అదే. సాఫ్ట్‌వేర్ తీసేసి మళ్లీ ఎక్కించాను. చివరికి విసుగెత్తి, డాట్ ఇన్‌క్లూడ్ వరుస తీసేసి, ఎనిమిదివందల వరుసల లైబ్రరీని మొత్తం కాపీ చేసి ఫైల్లోనే అతికించాను. జాడీ తీసుకొచ్చి కంచంలో బోర్లించానన్నమాట.

నడిచింది.

దాంతో నా బుద్ధి ఇంకా పక్కదారి పట్టింది. లైబ్రరీలో లోపం లేదు, సర్క్యూట్లో లోపం లేదు, కాబట్టి డాట్ ఇన్‌క్లూడ్ అనే ఆజ్ఞే చెడిపోయింది అని తేల్చాను. ప్రపంచమంతా వాడుతున్న మాట మా కాలేజీలో మాత్రం చెడిపోవడానికి కారణం ఏమిటన్న ప్రశ్న నాకు రాలేదు. ఎనిమిదివందల వరుసలు పిల్లల చేత టైపు చేయించలేను, అచ్చయిపోయిన పుస్తకాల్లో అతికించలేను. ఇన్‌స్పెక్షన్‌కి పదహారు రోజులుంది. తలుపు దగ్గర హెచ్‌ఓడీ గారి బుర్ర కనిపించింది.

"ఏవయ్యా, పిల్లలంతా చేతులు కట్టుకు కూర్చున్నారు?"

"థియరీ చెబుతున్నాను సార్."

"ఇన్‌స్పెక్షన్ వాళ్లకి కూడా థియరీయే చెబుతావా ఏంటి?"

ఆయన వెళ్లాక సిగ్గు విడిచి మేడమ్ దగ్గరికెళ్లాను. "మీ పాత ఫైళ్లు నడిచేవి కదండీ. నావెందుకు నడవట్లేదు?"

ఆవిడ కళ్లజోడు సర్దుకుని స్క్రీను చూసింది.

"పైన రామయ్య ఏడండీ?"

"తీసేశాను కదండీ."

"మరింకేం నడుస్తుంది సార్?" అని, పై వరుసలో టకటకా 'శ్రీరామ' కొట్టి, రన్ నొక్కింది. గ్రాఫు వయ్యారంగా లేచి నిలబడింది.

నేను ఆ వరుస తీసేసి నొక్కాను. మోడల్ దొరకలేదు. పెట్టి నొక్కాను. దొరికింది. తీశాను. పోయింది. మేడమ్ టిఫిన్ బాక్సు మూత తీసుకుంటూ, "ఎన్నిసార్లు పరీక్షిస్తారండీ ఆయన్ని? ఒకసారి సీతమ్మని పరీక్షించినందుకే ఇంతకాలం మాటపడుతున్నాడు," అంది.

అప్పుడే వర్క్‌షాపు టెక్నీషియన్ గారు మల్టీమీటరు కోసం వచ్చారు. చర్చిలో పాటలు పాడే పెద్దమనిషి, కాలేజీ అంతా ఆయన్ని బ్రదర్ అనే పిలిచేది. విషయం విని, తన పెన్‌డ్రైవ్ పెట్టి, తను ఎప్పుడో రాసుకున్న ఫైలు తెరిచి చూపించారు. మొదటి వరుస 'స్తోత్రం'. రెండో వరుస డాట్ ఇన్‌క్లూడ్. ఒక్క నొక్కుకి నడిచింది.

"ఏ పనైనా ఆ మాటతోనే మొదలెడతానండీ నేను," అన్నారాయన నిదానంగా. "ఎప్పుడూ ఆగలేదు."

నా పరిస్థితి ఆలోచించండి. ఆ ల్యాబ్‌లో రాముడివాళ్ల ఫైళ్లు నడుస్తున్నాయి, ప్రభువువాళ్ల ఫైళ్లు నడుస్తున్నాయి. మూడు తరాల హేతువాదిది ఒక్కటే ఆగిపోయింది. కంప్యూటరుకి దేవుడెవరైనా అభ్యంతరం లేదు, ఎవరో ఒకరుండాలంతే.

తర్వాత పదకొండు రోజులు నేను చేసిన పని మా తాతకి తెలిస్తే ఫోటోలోంచి దిగి వచ్చేవాడు. పొద్దున్నే, చెరకు ట్రాక్టర్లు రోడ్డుకి అడ్డంపడకముందే మొదటి సిటీ బస్సు పట్టుకుని కాలేజీకొచ్చి, ల్యాబ్ తలుపు లోపల గడియ పెట్టుకుని, 'శ్రీరామ' అని టైపు చేసి నడిపి చూసుకునేవాణ్ని. రోజూ నడిచేది. రోజూ ఎవరూ చూడకముందే చెరిపేసేవాణ్ని. గుడికెళ్లి చెప్పులు దాచుకునేవాళ్లని చూశాను గానీ, దేవుణ్నే దాచుకునేవాణ్ని నేను తప్ప ఎవరూ ఉండరు.

పన్నెండో రోజుకి కాస్త ధైర్యం వచ్చింది. కొండమీది అమ్మవారి పేరు కొట్టాను, నడిచింది. మా ఆవిడ పేరు కొట్టాను, నడిచింది. ఇంట్లో కూడా ఆ పేరు మీదే అన్నీ నడుస్తాయి గనక ఆశ్చర్యపోలేదు. 'ఉల్లి పెసరట్టు' అని కొట్టాను, నడిచింది. చివరికి అటూ ఇటూ చూసి, 'దేవుడు లేడు' అని కొట్టి, కళ్లు మూసుకుని రన్ నొక్కాను.

కళ్లు తెరిచేసరికి గ్రాఫు, వంపు ఎక్కడా చెదరకుండా.

దేవుడు లేడన్నా నడిచిందంటే రెండే కారణాలుండాలి. దేవుడు చాలా పెద్దమనసున్నవాడైనా కావాలి, లేదా కంప్యూటరు ఆ వరుస చదవకుండా అయినా ఉండాలి. మొదటిది తేల్చడం నావల్ల కాదు. రెండోది తేల్చడానికి, అన్ని రోజులుగా షెల్ఫులో ఉన్న సాఫ్ట్‌వేర్ వారి లావుపాటి గైడు దింపాను. మనలో ఎవరూ ఆ పుస్తకం మొదటినుంచి చదవరు, ఉదాహరణల దగ్గర తెరుస్తాం. ఫైలు రాయడం గురించిన అధ్యాయంలో మొట్టమొదటి మాటే ఇది. ఫైల్లో మొదటి వరుస శీర్షిక. యంత్రం దాన్ని ఆజ్ఞగా తీసుకోదు. ఉన్నదున్నట్టు తీసుకెళ్లి గ్రాఫు నెత్తిన రాస్తుంది, అంతే.

అంటే మేడమ్ రాముడూ బ్రదర్ స్తోత్రమూ ఇన్నేళ్లూ ఆ శీర్షిక పీట మీద హాయిగా కూర్చున్నారు. నేను ఆ పీట ఖాళీ చేసి డాట్ ఇన్‌క్లూడ్‌ని కూర్చోబెట్టాను. కంప్యూటరు దాన్ని పేరనుకుని తలమీద పెట్టుకుంది. జాడీ అందుకోమని నేను అన్నాళ్లూ కేకలు వేసింది తలుపు మీద నేమ్‌ప్లేటుకన్నమాట. లైబ్రరీని మొత్తం అతికించినప్పుడు పీట ఎక్కింది దాని మొదటి వరుసలో ఉన్న ఉత్త పేరు, అందుకే అది నడిచింది. మొదటి వారం కెపాసిటర్ ఛార్జ్ కాకపోవడం కూడా అందుకే, అక్కడ మొదటి వరుసలోకి వచ్చింది సప్లై. దాన్నీ శీర్షిక చేసి కూర్చోబెట్టింది. సప్లై లేని కెపాసిటర్ ముందు ఆ అమ్మాయి జన్మంతా కూర్చున్నా ఛార్జ్ అయ్యేది కాదు. తలరాత అంటే ఇదే గావును, తలమీద ఉంటుంది, ఎవరూ చదవరు.

పరుగెత్తుకెళ్లి మేడమ్‌కి చెప్పాను. "మేడమ్, ఆ మొదటి వరుస అసలు కంప్యూటరు చదవదటండీ! అక్కడ ఏం రాసినా ఒకటేనట!"

ఆవిడ తాపీగా అంది, "కంప్యూటరు చదువుతుందని నేను రాయలేదండీ."

ఆ మాటకి జవాబు ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను.

ఇన్‌స్పెక్షన్‌కి నాలుగు రోజులుంది. అచ్చయిన అరవై పుస్తకాల్లోనూ ప్రతి ప్రయోగమూ మొండెంతోనే మొదలవుతోంది. ఇన్‌స్పెక్షన్ వాళ్లు పుస్తకం తెరిచి, ఇందులో ఉన్నదున్నట్టు టైపు చేసి చూపించమంటే, ముప్పై స్క్రీన్ల మీద నా బస్టాపు కనిపిస్తుంది. మళ్లీ అచ్చు వేయించే వ్యవధి లేదు. మేడమ్ రెండు నల్ల పెన్నులు తీసింది.

"చేత్తో రాసేద్దాం సార్. దానికంత బెంగెందుకు?"

నేనూ ఆవిడా బ్రదర్ గారూ పుస్తకాలు మూడు వాటాలు వేసుకున్నాం. ఆవిడ వాటాలో ప్రతి ప్రయోగం పైనా శ్రీరామ. ఆయన వాటాలో స్తోత్రం. నా వాటాలో 'ప్రయోగం ఒకటి', 'ప్రయోగం రెండు'. నాది చూసి బ్రదర్ గారు జాలిపడ్డారు. "మరీ బోసిగా ఉందండీ," అన్నారు.

ఇన్‌స్పెక్షన్ రోజు వచ్చిన బృందంలో పెద్దాయన ఒక బల్ల మీంచి ఒక పుస్తకం, పక్క బల్ల మీంచి ఇంకో పుస్తకం తీసుకుని రెండూ పక్కపక్కన పట్టుకున్నారు.

"ఏంటయ్యా ఇది? ఇందులో శ్రీరామ, ఇందులో స్తోత్రం?"

హెచ్‌ఓడీ గారు గబగబా అడ్డమొచ్చారు. "అది... పిల్లలు రాసుకున్నట్టున్నారు సార్..."

"కాదండీ, మేమే రాశాం," అన్నాను. "అది శీర్షిక వరుసండీ. అక్కడ ఏదో ఒకటి ఉండాలి. లేకపోతే కింద ఉన్న డాట్ ఇన్‌క్లూడ్ ఆ స్థానంలోకి జారి, లైబ్రరీ రాకుండా పోతుంది."

పెద్దాయన కళ్లజోడు తీసి నన్ను చూశారు. "నువ్వెన్నాళ్లు పోగొట్టుకున్నావు దీనికి?"

"మూడు వారాలండీ."

"నేను రిసెర్చ్ చేసే రోజుల్లో నెల పోగొట్టుకున్నా," అని గట్టిగా నవ్వి, "రన్ చేయండమ్మా," అన్నారు. ముప్పై గ్రాఫులూ ఒకేసారి లేచాయి. ల్యాబ్ చక్కగా ఉందని రిపోర్టులో రాసి వెళ్లారు.

కాబట్టి నా కాగితం నడవాలి. నడవలేదు. నా కథ మాత్రం నడిచింది. హెచ్‌ఓడీ గారు ఆ మధ్యాహ్నమే నా దగ్గర మొత్తం కూపీ లాగి, స్టాఫ్ రూములో అభినయంతో సహా చెప్పారు. నాస్తికుడు గడియ పెట్టుకుని రామనామం టైపు చేసే ఘట్టం దగ్గర ఆయన నటన నిజంగా బాగుండేది. నేనే రెండుసార్లు నవ్వాను. మూడోసారి నుంచి కాగితం గురించి అడగడం మొదలుపెట్టాను.

"సార్, కన్ఫర్మేషన్..."

"అప్లికేషన్ పైన శ్రీరామ రాశావా? రాయకపోతే ఎలా నడుస్తుందయ్యా?" అని ఆయన నవ్వేవారు. గదిలో ఎవరుంటే వాళ్లూ నవ్వేవారు. "ఈ వారంలో చూద్దాంలే."

చెరకు ట్రాక్టర్లు బారులు తీరి ఫ్యాక్టరీకి పోతున్నప్పుడు 'ఈ వారం' అన్నారు. ట్రాక్టర్లు ఆగిపోయి, రోడ్డు పక్కన పడ్డ చెరకుగడలు ఎండి పుల్లలైపోయాక కూడా 'ఈ వారమే' అన్నారు. కాగితం ఆయన టేబుల్ మీదే, పేపర్‌వెయిట్ కింద, నాకు కనపడేలా ఉండేది. ఒక్క సంతకం. నా రెండో ఏడాది కూడా నిండింది. సంతకం పడకుండా సెలవులొస్తే, ప్రొబేషన్ వాళ్లని పంపేసి కొత్తవాళ్లని తీసుకోవడం ఆ కాలేజీలో కొత్త కాదు.

సెలవులకి పది రోజుల ముందు ఆయన పిలిచారు.

"ఏవయ్యా, మేనేజ్‌మెంట్ మీటింగులో డిపార్ట్‌మెంట్ గురించి మాట్లాడాలి నేను. ఓ పది గ్రాఫులు గీసివ్వు. రంగులు బాగుండాలి."

"గీసినవాళ్ల పేరేమైనా వెయ్యాలా సార్?"

"డిపార్ట్‌మెంట్ పేరు వెయ్యవయ్యా. మనమంతా ఒకటే గదా."

గీశాను. పది సర్క్యూట్లు, పది ఫైళ్లు. డాట్ ఇన్‌క్లూడ్ రెండో వరుసలో భద్రంగా ఉంది. మొదటి వరుసలో నేను ఏం రాశానో అది ఆ పది గ్రాఫుల నెత్తినా సన్నటి అక్షరాల్లో వచ్చింది. స్లైడ్లలో పెట్టి ఆయనకి చూపించాను. ఆయన పదీ శ్రద్ధగా చూశారు.

"ఆ ఎరుపు కొంచెం ముదురు చెయ్యి," అన్నారు.

చేశాను. ఇంటికెళ్లాక, పొద్దున్నే వెళ్లి మార్చేద్దామని రెండుసార్లు అనుకున్నాను. పేపర్‌వెయిట్ గుర్తొచ్చి మానేశాను.

మా సెక్రటరీ గారు డెల్టా రైతు. చెరకూ వరీ పండించి, ఆ తర్వాత ఈ కాలేజీ పండించినాయన. మీటింగులో ముందు వరుసలో, పంచె మోకాళ్ల మీదికి సర్దుకుని కూర్చున్నారు. వెనక వరుసలో, గోడకి ఆనుకుని నేను. హెచ్‌ఓడీ గారు తెరకి వీపు పెట్టి ధాటిగా మాట్లాడుతున్నారు. గ్రాఫులో గీత ఎందుకు లేచిందో, ఎందుకు పడిందో సెక్రటరీ గారికి బోధపడే అవకాశం లేదు. గీతలు అర్థంకాని మనిషి ఏం చేస్తాడు? అక్షరాలు చదువుతాడు. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు చదవడం ఆయనకి అలవాటే, మనవలు ఫోన్లో అలాగే రాస్తారు.

"హెచ్‌ఓడీ గారూ, ఒక్క నిమిషం. ఆ పైన ఏదో రాసుందేంటండీ?"

"అది టైటిలండీ," అన్నారు హెచ్‌ఓడీ గారు, వెనక్కి తిరగకుండానే.

"టైటిలే లెండి, చదువుతున్నా. 'ఈ గ్రాఫు గీసినవాడు రెండేళ్లయినా ప్రొబేషన్‌లోనే ఉన్నాడు.' ఎవరండీ ఈయన?"

హెచ్‌ఓడీ గారు గిరుక్కున తిరిగి, గబుక్కున తర్వాతి స్లైడ్ నొక్కారు. అక్కడా అదే. ఇంకోటి. అక్కడా అదే. సెక్రటరీ గారు వేలు పైకెత్తి ఒక్కో స్లైడూ లెక్కపెట్టుకుంటున్నారు.

"అన్నిట్లోనూ ఆయనేనా?"

"కాగితం... ప్రాసెస్‌లో ఉందండీ."

"రెండేళ్లా? చెరకే ఏడాదికి కోతకొస్తుందండీ మాకు. ఎక్కడుందా కాగితం?"

"నా టేబుల్ మీదే అండీ."

"టీ వచ్చేలోపు తెప్పించండి మరి."

కాగితం టీ కంటే ముందే వచ్చింది. హెచ్‌ఓడీ గారు జేబులన్నీ తడుముకుని, పెన్ను కనపడక, నా దాకా వచ్చి నా పెన్నే తీసుకుని సంతకం పెట్టారు. పెట్టి, కాగితం నా చేతికిస్తూ, పళ్లు బిగించి అన్నారు, "ఏవయ్యా, ఇదేం పని?"

"ఆ వరుస కంప్యూటరు ఎలాగూ చదవదు సార్," అన్నాను, చేతులు కట్టుకుని. "మీరైనా చదువుతారనుకున్నాను."